గుండె జబ్బు మొదలయ్యేది మీ వయసులోనే

(కర్నూలులోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతుల విద్యార్థుల కోసం జరిగిన ఆరోగ్య సదస్సులో ఒక గుండె వైద్యుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన విద్యార్థుల కోసం, వారి తల్లిదండ్రుల కోసం రికార్డింగు నుంచి రాసి ఇస్తున్నాం.)

ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, వెనుక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లలూ, మీకు కూడా నమస్కారం. ఎండ బాగా ఉంది, ఈ ఫ్యాన్లు ఇంతమందికి చాలడం లేదు. మధ్యాహ్నం భోజనాలు కూడా అయ్యాయి. ఇప్పుడు నేను ఉపన్యాసం మొదలుపెడితే సగం మందికి నిద్ర వస్తుంది. అందుకని ముందు మీ చేత ఒక పని చేయిస్తాను.

ఎడమ అరచేయి పైకి తిప్పి పెట్టండి. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు కలిపి, ఎడమ మణికట్టు మీద బొటనవేలి వైపున ఎముక పక్కన ఒక చిన్న పల్లం ఉంటుంది, అక్కడ ఆనించండి. గట్టిగా నొక్కకండి, నొక్కితే నాడి అందదు. బొటనవేలితో చూడకండి. బొటనవేలికి సొంత నాడి ఉంది, దేన్ని లెక్కపెడుతున్నారో మీకే తెలియదు. దొరికిందా? దొరకనివాళ్లు పక్కవాళ్ల చేయి పట్టుకుని చూడండి. నేను గడియారం చూస్తాను. 30 సెకన్లు. మొదలుపెట్టండి. ఆపండి. వచ్చిన అంకెను రెండుతో గుణించండి.

ఎంత? 84. నీకెంతమ్మా? 76. ఆ చివరి బెంచీలో? 104. నువ్వు ఇప్పుడే వచ్చావు కదా, మెట్లు పరుగెత్తుకుంటూ ఎక్కి ఉంటావు. పది నిమిషాల తర్వాత మళ్లీ చూసుకో, తగ్గుతుంది. కూర్చున్నప్పుడు 60 నుంచి 100 మధ్య ఎంత ఉన్నా మామూలే, ఎవరూ కంగారు పడనక్కరలేదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. నిమిషానికి 72 అనుకుందాం. గంటకు 4,320. రోజుకు? నోట్సు వెనుక వేయండి. 1,03,680. లక్ష దాటింది. మీరు నిద్రపోతున్నా, పరీక్ష రాస్తున్నా, అమ్మ మీద అలిగి అన్నం మానేసినా అది మాత్రం ఆగదు. నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. రోజుకు 7,200 లీటర్లు. ఇంత పని చేసేది ఎంత ఉంటుంది? పిడికిలి బిగించండి. అంతే. పెద్దవాళ్లలో 300 గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది.

సరే, ఒళ్లంతటికీ రక్తం పంపే గుండెకు రక్తం ఎవరు పంపుతారు? ఎవరైనా చెప్పగలరా? దాని గదుల నిండా రక్తమే ఉంది కదా, అందులోంచి తీసుకుంటుందని అనుకుంటున్నారు. తీసుకోలేదు. ఆ మందపాటి కండరంలోకి అలా ఇంకదు. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని మొదట్లోనే రెండు కొమ్మలు చీలి, వెనక్కి వచ్చి గుండె చుట్టూ అల్లుకుంటాయి. వాటినే కరోనరీ ధమనులు అంటాం. గుండె బతికేది వాటి మీదే.

ఈ బాల్‌పెన్ రీఫిల్ చూడండి. వెనుకవాళ్లకు కనిపిస్తోందా? మీ పెన్ను విప్పి మీ రీఫిల్ చూసుకోండి, ఒకటే. స్కేలు పెట్టి కొలవండి. దీని మందం 3 మిల్లీమీటర్లు. పెద్దవాళ్ల గుండెకు రక్తం తెచ్చే ముఖ్యమైన ధమని లోపలి వెడల్పు ఎంతో తెలుసా? 3 నుంచి 4 మిల్లీమీటర్లు. ఇంతే. మనిషి ప్రాణం ఇంత సన్నని దారి మీద నడుస్తోంది.

ఇంకొక సంగతి ఉంది, దీన్ని కొంచెం జాగ్రత్తగా వినండి, తర్వాత దీనితో పని పడుతుంది. గుండె బిగుసుకున్నప్పుడు దాని కండరంలో ఉన్న రక్తనాళాలు కూడా నొక్కుకుపోతాయి. మళ్లీ సడలినప్పుడే ఎడమ గుండె కండరానికి రక్తం బాగా అందుతుంది. అంటే బిగుసుకోవడం పని, సడలడం విశ్రాంతి, ఆ విశ్రాంతిలోనే తనకు కావలసిన రక్తం తీసుకోవడం. మరి గుండె వేగం పెరిగితే ఏది తగ్గుతుంది? పని తగ్గదు. సడలే సమయం తగ్గుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

మీకు గుండె జబ్బు అనగానే ఎవరు గుర్తొస్తారు? తాతయ్య. నాయనమ్మ. ఆస్పత్రి మంచం మీద తెల్లజుట్టు మనిషి. అది మనకెందుకులే, ఇంకా నలభై యాభై ఏళ్లుంది కదా అనుకుంటారు. నేను ఈ రోజు వచ్చింది ఈ ఆలోచన తప్పని చెప్పడానికే.

1950 నుంచి 1953 వరకు కొరియాలో యుద్ధం జరిగింది. అక్కడ చనిపోయిన అమెరికా సైనికుల్లో 300 మంది గుండెలను సైనిక వైద్యులు తెరిచి చూశారు. వాళ్ల సగటు వయసు 22 ఏళ్లు. బరువులు మోసుకుని కొండలెక్కి యుద్ధం చేసిన కుర్రాళ్లు. ఎవరికీ గుండె జబ్బు ఉందన్న అనుమానమే లేదు. ఎంతమంది ధమనుల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించాయో తెలుసా? 77 శాతం మందిలో. 1953లో ఈ సంగతి అచ్చయ్యాక వైద్య లోకం ఉలిక్కిపడింది. 22 ఏళ్లకే అంత కనిపించిందంటే, మొదలైంది ఎప్పుడు? మీ వయసులో. తర్వాతి కాలంలో ప్రమాదాల్లోనో మరోలాగో చనిపోయిన 15 నుంచి 34 ఏళ్ల వారి ధమనులను కూడా అమెరికాలో పరిశీలించారు. పొగ తాగినవారి ధమనుల్లో ముదిరిన జబ్బు ఎక్కువగా కనిపించింది.

మనవాళ్ల సంగతి ఇంకా కష్టం. 2004లో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. దాన్ని నడిపిన డాక్టర్ సలీం యూసుఫ్ కేరళలో పుట్టి బెంగళూరులో వైద్యం చదివినవారు. ఆ పరిశోధనలో తేలింది ఏమిటంటే, మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు ఇతర దేశాల్లో 59కి దగ్గరగా ఉంటే దక్షిణాసియాలో 53. ఆరేళ్లు ముందు. అంటే ఇంట్లో పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇంకా అవని వయసు. గుండెపోటు ముప్పులో 90 శాతం తొమ్మిది కారణాలతోనే వస్తోందని కూడా అందులోనే తేలింది. ఆ తొమ్మిదిలో ముందు నిలిచినవి రెండు. రక్తంలో చెడు కొవ్వు ఒకటి, పొగ రెండోది. కొవ్వు సంగతి కొంత పుట్టుకతో వస్తుంది. పొగ ఎవరికీ పుట్టుకతో రాదు.

ధమని ఎలా పాడవుతుందో చెప్తాను. పైపులో తుప్పు పట్టినట్టు కొవ్వు లోపల పేరుకుని పూడుకుపోతుందని చాలామంది చెబుతారు. మీ పుస్తకాల్లో కూడా అలాంటి బొమ్మలే ఉంటాయి. నిజానికి అలా కాదు. ధమని లోపల సన్నని పొర ఒకటి ఉంటుంది, ఒక్క కణం మందం. అది నున్నగా, ఆరోగ్యంగా ఉన్నంత కాలం రక్తం గడ్డకట్టదు, ధమని కావలసినప్పుడు వెడల్పవుతుంది. ఆ పొర దెబ్బతింటే చెడు కొవ్వు దాని కిందికి, గోడ లోపలికి చేరుతుంది. దాన్ని తినడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి, తిని అక్కడే చచ్చిపోతాయి. చీము పట్టిన కురుపు చూశారు కదా, పైన పలుచని తోలు, లోపల చీము? అలా తయారవుతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. ఒక రోజు పైన ఉన్న పలుచని పొర పగులుతుంది. పగిలిన చోట నిమిషాల్లో రక్తం గడ్డకట్టి ఆ 3 మిల్లీమీటర్ల దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు.

ఇప్పుడు పొగ ఇందులో ఎక్కడ వస్తుంది? అడుగడుగునా వస్తుంది. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. అన్నీ చెప్పను, గుండె కథకు రెండు చాలు.

ఒకటి నికోటిన్. దమ్ము లాగిన 10, 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. శరీరానికి ఏదో ఆపద వచ్చిందన్నట్టు అడ్రినలిన్ విడుదలవుతుంది. బీపీ పెరుగుతుంది, గుండె వేగం నిమిషానికి 10, 20 దెబ్బలు పెరుగుతుంది. ఇందాక ఏమి గుర్తుంచుకోమన్నాను? సడలే సమయం తగ్గుతుంది. పని పెరిగింది, రక్తం తీసుకునే వ్యవధి తగ్గింది. అది చాలదన్నట్టు నికోటిన్ ధమనులను కూడా బిగుసుకునేలా చేస్తుంది.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. రసాయన శాస్త్రంలో చదివారా? ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. అంటే గుండె ఎక్కువ ఆక్సిజన్ అడుగుతున్న సమయానికే రక్తంలో దాన్ని మోసేవి తక్కువవుతాయి. మీలో పరుగు పందేల్లో ఉన్నవాళ్లు, కబడ్డీ ఆడేవాళ్లు ఉన్నారు కదా, మీకు ఇది వెంటనే తెలుస్తుంది. కూత పెట్టి ఎంతసేపు నిలవగలరో ఊపిరే చెబుతుంది.

ఇక మిగిలిన పొగ అంతా కలిసి ఆ సన్నని పొరను గాయపరుస్తుంది, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లను జిగటగా మారుస్తుంది. కురుపు తయారుచేసేదీ పొగే, పగిలినప్పుడు గడ్డ పెద్దది చేసేదీ పొగే. చిన్న వయసులో గుండెపోటుతో వచ్చేవారిలో ఎక్కువమంది పొగతాగేవారే ఎందుకుంటారంటే కారణం ఇది.

ఒకరి గురించి చెప్తాను, పేరు, ఊరు చెప్పను. ముప్పై మూడేళ్ల ఆటో డ్రైవరు. పదో తరగతిలో మొదలుపెట్టాడు. తెల్లవారుజామున ఛాతీ మధ్యలో బరువుగా అనిపించింది, ఎడమ చేయి లాగింది, చెమటలు పట్టాయి. గ్యాస్ అనుకున్నాడు. సోడా తాగాడు. తగ్గలేదు. ఒక మాత్ర వేసుకుని పడుకున్నాడు. మళ్లీ సోడా. భార్య ఏడ్చి గోల చేస్తే మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చాడు. పరీక్ష చేస్తే మిగతా ధమనులన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం గడ్డతో పూర్తిగా మూసుకుపోయింది. తెరిచాం. మనిషి బతికాడు. కానీ అన్ని గంటలపాటు రక్తం అందని కండరం చచ్చిపోయింది, అది మళ్లీ రాదు. ఇప్పుడు రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి ఇంకా బడి వయసు కూడా రాలేదు.

పిల్లలూ, ఈ ఒక్క ముక్క ఇంటికి వెళ్లి చెప్పండి. ఛాతీ మధ్య బరువు, పట్టేసినట్టు నొప్పి, అది చేతికో దవడకో వీపుకో పాకడం, చెమట, ఆయాసం. ఇవి ఉంటే గ్యాస్ అనుకోకూడదు. సోడా తాగి చూద్దాం అనకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ సేవ మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్లు ఉన్నాయి, ధమనిని తెరిచే వైద్యం ఉంది, కానీ అవి పనిచేయాలంటే సమయానికి రావాలి.

ఇక అసలు మాటకు వద్దాం. అతను పదో తరగతిలోనే ఎందుకు మొదలుపెట్టాడు? ముప్పై ఏళ్లకు ఎందుకు మొదలుపెట్టలేదు? మీకు తెలిసిన పొగతాగేవాళ్లను అడిగి చూడండి, ఎప్పుడు మొదలైందని. అమెరికాలో లెక్క తీస్తే, రోజూ పొగతాగేవారిలో పదిమందికి దాదాపు తొమ్మిది మంది 18 ఏళ్లు నిండేలోపే మొదటి సిగరెట్ తాగినవారు. 26 దాటాక మొదలుపెట్టినవారు నూటికి ఒకరు. మన దేశంలో 2019లో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల మీద సర్వే జరిగింది. 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. సిగరెట్ తాగిన పిల్లల్లో 38 శాతం, బీడీ తాగినవారిలో 47 శాతం పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. పదేళ్లు! నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలు.

ఇది కంపెనీలకు తెలియదా? బాగా తెలుసు. అమెరికాలో కోర్టు కేసుల వల్ల సిగరెట్ కంపెనీల లోపలి కాగితాలు బయటికి వచ్చాయి. ఒక పెద్ద కంపెనీ 1981 నాటి నివేదికలో ఉన్న మాట ఇది: నేటి టీనేజరే రేపు క్రమం తప్పకుండా కొనే ఖాతాదారు కాగలవాడు. అంటే వాళ్లకు కావలసింది మీ తాతయ్య కాదు, మీరు. ఎందుకు? మెదడులో ముందు భాగం, అంటే వద్దు అని ఆపే భాగం, పాతికేళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఎదిగే మెదడు నికోటిన్‌కు తొందరగా అలవాటు పడుతుంది. రోజూ తాగకపోయినా, అప్పుడప్పుడు తాగే పిల్లల్లోనే కొన్ని వారాలకు మళ్లీ తాగాలన్న లాగుడు మొదలవుతుంది. అప్పటికి వాడు ఇంకా సరదాకి తాగుతున్నాననే అనుకుంటూ ఉంటాడు.

మొదటి దమ్ముకు దగ్గు వస్తుంది, కళ్లు మండుతాయి. ఒళ్లు వద్దంటోంది. దానికీ ఉపాయం చేశారు. పుదీనా వాసన వేసే సిగరెట్లు చూసే ఉంటారు. ఆ మెంథాల్ గొంతును చల్లబరుస్తుంది, మంట తెలియనివ్వదు, పొగ లోతుగా పోతుంది. ఇక బంకులో ఎలా అమ్ముతారు? ముందు చాక్లెట్ సీసాలు, ఆ పైనే సిగరెట్ పెట్టెలు. పెట్టె కొనే డబ్బు మీ దగ్గర ఉండదు కాబట్టి విడిగా ఒకటి. విడిగా కొంటే పెట్టె మీద 85 శాతం మేర వేసిన హెచ్చరిక బొమ్మ కూడా మీ కంట పడదు.

చట్టం ఏమంటోందో మీరు తెలుసుకోవాలి. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. బడికి 100 గజాల లోపల అసలు అమ్మకూడదు. 100 గజాలంటే 91 మీటర్లు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. బడి చుట్టూ 100 గజాల దగ్గర పసుపు గీత గీయాలని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లో ఉంది. సార్, నాదొక మనవి. గణితం మాస్టారు పదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని గేటు నుంచి టేపు పట్టి కొలిపించండి. ఆ గీత పిల్లల చేతనే గీయించండి. ఏ బంకు లోపల ఉందో, ఏది బయట ఉందో అందరికీ కనిపిస్తుంది. బంకు నడిపే ఆయన కూడా పొట్టకూటి కోసమే నడుపుతున్నాడు, ముందు మర్యాదగా చెప్పండి. వినకపోతే అప్పుడు పోలీసులకు రాయండి.

ఇప్పుడు ఇద్దరు అబ్బాయిలు వేదిక మీదికి రండి. రండి, భయం లేదు. నువ్వు సిగరెట్ ఇచ్చే స్నేహితుడివి. నువ్వు వద్దనాలి. ఊ, మొదలుపెట్టండి.

"ఒక్కసారి లాగి చూడరా, ఏమీ కాదు."

"వద్దురా, మా ఇంట్లో తిడతారు."

"మీ ఇంట్లో ఎవరు చూశారు? చూయింగ్ గమ్ వేసుకుని వెళ్లు."

చూశారా, ఇరుక్కుపోయాడు. తప్పు నీది కాదు నాయనా, అందరమూ అలాగే చెబుతాం. కారణం చెప్పగానే అవతలివాడు దానికి విరుగుడు చెబుతాడు. ఇంట్లో తిడతారంటే గమ్ ఇస్తాడు. దగ్గు వస్తుందంటే మెల్లగా లాగమంటాడు. డబ్బు లేదంటే నేనిస్తానంటాడు. అందుకని కారణం చెప్పవద్దు. "వద్దురా, నాకు ఇష్టం లేదు" అనండి. మళ్లీ అడిగితే మళ్లీ అదే అనండి. మాట మార్చండి, లేదా అక్కడి నుంచి నడవండి. ఇంకోసారి చేయండి. బాగుంది. గొంతు ఇంకాస్త పెంచు. ఇప్పుడు సరిగ్గా ఉంది. దీన్ని ఇంట్లో అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు అనుకోండి. పదిమందిలో ఆ మాట నోటికి రావాలంటే ముందే అలవాటు ఉండాలి. ఆడపిల్లలు కూడా నేర్చుకోండి, మీకు పనికిరాదని అనుకోవద్దు.

సిగరెట్ కాదు, బీడీయే కదా అనేవాళ్లున్నారు. ఆకులో చుట్టింది, సహజమైనది అంటారు. బీడీలో పొగాకు తక్కువే. కానీ తునికాకు గాలి ఆడనివ్వదు, ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా లాగాలి. అందువల్ల నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే ఎక్కువే లోపలికి పోతాయి. హుక్కా నీళ్లలోంచి వస్తుంది కాబట్టి శుభ్రమని ఇంకొకరు అంటారు. గంటసేపు హుక్కా ముందు కూర్చుంటే ఒక సిగరెట్ పొగకు 100 నుంచి 200 రెట్ల పొగ పీల్చినట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ-సిగరెట్లను 2019లోనే మన దేశంలో నిషేధించారు, అందులో ఉండేదీ నికోటినే. ఖైనీ, గుట్కా నోటికే చేటు, గుండెకు కాదు అనుకోకండి. నికోటిన్ నోట్లోంచి కూడా రక్తంలోకి చేరుతుంది.

తిండి, ఆటల గురించి చెప్పమని మీ సార్ అడిగారు. రోజుకు ఒక గంట ఒళ్లు వంచి ఆడండి, అవుట్‌డోర్ స్టేడియానికే వెళ్లనక్కరలేదు, వీధిలో ఆడినా చాలు. ఉప్పు మనిషికి రోజు మొత్తం మీద 5 గ్రాములు, ఒక చెంచా, దాటకూడదు. చిప్స్ పొట్లాలు, ఊరగాయలు అక్కడే ఆ లెక్క దాటిస్తాయి. ఉగ్గాని తినండి, బజ్జీలు మాత్రం రోజూ వద్దు. జొన్నరొట్టె, ఆకుకూర మీ ఇళ్లలో ఉన్నదే, దాన్ని చిన్నచూపు చూడకండి. ఇంతకంటే ఈ పూట చెప్పను.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఇప్పటికే మొదలుపెట్టినవాళ్లు ఉండవచ్చు. చేతులెత్తమని అడగను, మీ వైపు చూడను కూడా. మీకు నేను చెప్పేది ఒకటే, ఈ వయసులో గుండె చాలా త్వరగా కోలుకుంటుంది. చివరి సిగరెట్ ఆరిపోయిన 20 నిమిషాలకే గుండె వేగం దిగుతుంది. 12 గంటల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. ఏడాదికి, పొగ వల్ల అదనంగా వచ్చిన గుండె జబ్బు ముప్పు సగానికి పడిపోతుంది. మానేసిన మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం ఉంటాయి. అది మీ బలహీనత కాదు, నికోటిన్ వదులుతున్న లక్షణం. రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. ఇంట్లో చెప్పుకోలేకపోతే మీకు నమ్మకమున్న ఒక టీచరుకు చెప్పండి. టీచర్లకు కూడా మనవి, అలా చెప్పుకున్న పిల్లవాడిని అసెంబ్లీలో నిలబెట్టకండి. ఒకరిని నిలబెడితే పదిమంది దాచుకుంటారు.

మీరు పేర్లు లేకుండా రాసి డబ్బాలో వేసిన చీటీలు తెచ్చారు. కొన్ని చదువుతాను.

"ఎప్పుడైనా స్నేహితులతో ఒక్కటి తాగితే ఏమవుతుంది?" మంచి ప్రశ్న. 20 తాగేవాడికి ముప్పు నూరు ఉంటే ఒకటి తాగేవాడికి ఐదు ఉంటుందని మనందరికీ అనిపిస్తుంది. గుండె విషయంలో అలా లేదు. 2018లో ఎన్నో పరిశోధనలను కలిపి లెక్కకట్టారు. రోజుకు 20 తాగేవారికి అదనంగా వచ్చే గుండె జబ్బు ముప్పులో దాదాపు సగం, రోజుకు ఒక్కటే తాగేవారికి కూడా ఉంది. ఆ సన్నని పొరను గాయపరచడానికి, ప్లేట్‌లెట్లను జిగట చేయడానికి కొంచెం పొగ సరిపోతుంది. కాబట్టి తగ్గించాను అంటే చాలదు, పూర్తిగా మానాలి. నువ్వు అడిగింది రోజూ కాదు, ఎప్పుడో ఒకసారి కదా. నిజమే. కానీ రోజూ తాగే ప్రతివాడూ ఎప్పుడో ఒకసారితోనే మొదలుపెట్టాడు.

"క్రికెట్ ఆడతాను, రోజూ దండీలు తీస్తాను. నాకు కూడా వస్తుందా?" వ్యాయామం చాలా మంచిది, మానకు. కానీ పొగ చేసిన గాయాన్ని వ్యాయామం కడిగేయలేదు. కొరియా యుద్ధంలోని ఆ సైనికులూ రోజూ వ్యాయామం చేసినవాళ్లే.

ఈ చీటీ చూడండి, చక్కని చేతిరాత. "మా నాన్న రోజుకు ఒక కట్ట బీడీలు తాగుతారు. ఇంట్లోనే తాగుతారు. నాకు భయంగా ఉంది. ఎలా చెప్పాలి?" అమ్మా, ఎవరు రాశావో తెలియదు, చాలా మంచి పని చేశావు. ముందు నీ సంగతి. ఇంట్లో ఇతరుల పొగ పీల్చేవారికి గుండె జబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం ఎక్కువ. కిటికీ తెరిస్తే చాలదు. కాబట్టి మొదట అడగవలసింది మానేయమని కాదు, బయట తాగమని. అది ఆయన ఈ రోజే చేయగలరు. నలుగురిలో చెప్పకు, కోపంగా ఉన్నప్పుడు చెప్పకు, బీడీ కట్ట దాచిపెట్టకు. దాచిపెడితే పోట్లాట అవుతుంది తప్ప అలవాటు పోదు. రాత్రి భోజనం అయ్యాక పక్కన కూర్చుని, "నాన్నా, నాకు భయంగా ఉంది" అని చీటీలో రాసినట్టే చెప్పు. బీడీ మంచిది కాదని ఆయనకు తెలుసు, కొత్తగా చెప్పనక్కరలేదు. కూతురు భయపడుతోందన్నది మాత్రం ఆయనకు తెలియదు.

ఆయన చాలాసార్లు మానాలని ప్రయత్నించి ఓడిపోయి ఉంటారు. పట్టుదల లేకపోవడం వల్ల అనుకోవద్దు. దీనికి వైద్యం ఉంది. నికోటిన్ చూయింగ్ గమ్‌లు, మందులు ఉన్నాయి, డాక్టరు చూసి ఇస్తారు. మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నంబరు ఒకటి ఉంది, పొగాకు పెట్టెల మీదే అచ్చువేస్తున్నారు. రాసుకోండి: 1800-11-2356. నల్లబల్ల మీద కూడా రాయిస్తాను. బీపీ, షుగర్ చూపించుకుందామని చెప్పి ఆస్పత్రికి తీసుకురా, ఆ మాట మీద చాలామంది వస్తారు. ఖాళీ కడుపుతో ఉదయం రావాలని చెప్పు. పాత కాగితాలుంటే వెంట తెచ్చుకోమను.

బెల్లు కొట్టేశారు. ఇంకా చీటీలు చాలానే ఉన్నాయి. ఇవన్నీ నాతో తీసుకెళ్తున్నాను, జవాబులు రాసి మీ సైన్సు టీచరుకు పంపిస్తాను. నోటీసు బోర్డు మీద పెట్టమని అడుగుతాను.